రైఫిల్‌కెంత, స్కోపుకెంత: వెయ్యి గజాల గురికి డబ్బు లెక్క

(టెక్సస్‌లో తెలుగు షూటర్ల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలున్నాయి.

మీరు ముందుగా రాసి పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న, అంకె ఒక్కటే వేరు. నా దగ్గర రెండు వేల డాలర్లున్నాయి, రైఫిల్‌కెంత పెట్టాలి, దాని మీద బిగించి గురి చూసే దుర్భిణికి, అంటే స్కోపుకెంత పెట్టాలి? ఒకరిది నాలుగు వేలు, ఇంకొకరిది ఏడు వేలు. షాపువాడిని అడిగితే సగం సగం అంటాడు. వేటకి వెళ్లే పెద్దవాళ్లనడిగితే ముందు మంచి రైఫిల్ కొనుక్కో, స్కోపుదేముంది అంటారు. పోటీలకి తిరిగేవాళ్లు స్కోపుకే ఎక్కువ పెట్టమంటారు. ముగ్గురూ వాళ్లవాళ్ల లెక్కలో కరెక్టే. కానీ ముగ్గురి లెక్కలోనూ తూటాల పద్దు లేదు. ఇవాళ నేను చెప్పేది ఆ పద్దుతోనే మొదలవుతుంది. ముందు తూటాల డబ్బు పక్కన పెట్టండి, తర్వాత స్కోపు, ఆ మిగిలినదాంట్లో రైఫిల్. ఎందుకో అంకెలతో చెబుతాను.

దానికి ముందు చట్టం మాట ఒకటి. మనలో హెచ్-1బి మీద, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో ఎక్కువమంది వాడుకునేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. షూటింగ్ రేంజిలో ఫ్రెండు రైఫిల్ చేతిలోకి తీసుకున్నా ఇదే వర్తిస్తుంది, సొంతది కాదు కదా అంటే కుదరదు. కార్డు తీసి డబ్బు కట్టేముందు లాయరుని ఒక్కసారి అడగండి.

సరే, లెక్కలోకి వద్దాం. ఉదాహరణకి 6.5 క్రీడ్‌మోర్ తీసుకుంటాను. 2007లో వచ్చిన కాట్రిడ్జి, అంటే తూటా రకం, ఇవాళ లాంగ్ రేంజ్, అంటే దూరపు గురి, మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఇదే. 140 గ్రెయిన్ల బరువున్న మ్యాచ్ (పోటీ రకం) బుల్లెట్, సెకనుకి 2,700 అడుగుల వేగం. వంద గజాల్లో జీరో చేసిన, అంటే గురిపెట్టినచోటే తగిలేలా సర్దిన రైఫిల్‌తో వెయ్యి గజాల్లో కొట్టాలంటే స్కోపు మీదుండే టర్రెట్ అనే మరని దాదాపు 9 మిల్ పైకి తిప్పాలి. ఎండ, ఎత్తు, గాలి పీడనాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మిల్ అన్నది కోణానికి కొలత, వెయ్యి గజాల్లో ఒక మిల్ అంటే 36 అంగుళాలు. తొమ్మిది మిల్ అంటే 324 అంగుళాలు, అంటే 27 అడుగులు. బుల్లెట్ అక్కడికి చేరేసరికి అంత కిందికి దిగుతుంది. ఈ 27 అడుగులు కాసేపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ కావాలి.

ఇక గాలి. పక్కనుంచి గంటకి 10 మైళ్ల గాలి వీస్తే అదే బుల్లెట్ వెయ్యి గజాల్లో సుమారు 78 అంగుళాలు పక్కకి పోతుంది. అంటే గాలి వేగంలో ఒక్కో మైలుకి సుమారు 8 అంగుళాలు. పాయింట్ 308 అనే ఇంకో కాట్రిడ్జిలో 175 గ్రెయిన్ల బుల్లెట్ అయితే అదే గాలికి దాదాపు వంద అంగుళాలు.

ఇప్పుడు ఎదురుగా 20 అంగుళాల వెడల్పు స్టీల్ ప్లేటు ఉందనుకోండి. నడిమధ్యకి గురిపెడితే అటు 10, ఇటు 10 అంగుళాల వెసులుబాటు. మీ రైఫిల్ ఒక ఎం.ఓ.ఏ. రైఫిల్, అంటే తూటాలన్నీ ఒక ఎం.ఓ.ఏ. వెడల్పులో పడతాయి. ఎం.ఓ.ఏ. కూడా మిల్ లాంటి కోణం కొలతే, దానికంటే చిన్నది. వెయ్యి గజాల్లో ఎం.ఓ.ఏ. అంటే 10.47 అంగుళాలు, అంటే గురి నుంచి అటూ ఇటూ 5 అంగుళాల చిల్లర. పదిహేను వందలు అదనంగా పోసి అర ఎం.ఓ.ఏ. రైఫిల్ కొన్నారు. ఇప్పుడు చెదురు రెండున్నర అంగుళాల చిల్లర. మీరు కొన్నది ఒక్కో పక్క రెండున్నర అంగుళాలు. గాలిని రెండు మైళ్లు తక్కువ అంచనా వేశారా, 16 అంగుళాలు పోయింది. ప్లేటు దాటి ఎక్కడో మట్టి లేస్తుంది. ఒక ఎం.ఓ.ఏ. రైఫిల్ అయినా మిస్సే, అర ఎం.ఓ.ఏ. రైఫిల్ అయినా మిస్సే.

గాలిని చదవడం షాపులో దొరకదు. తూటాలు కాల్చి, ఎక్కడ తగిలిందో చూసి, మళ్లీ కాలిస్తేనే వస్తుంది. మ్యాచ్ తూటా ఒకటి ఇప్పుడు సుమారు రెండు డాలర్లు. అయిదు వందల తూటాలు, వెయ్యి డాలర్లు. మొదటి ఏడాదికి ఇది కనీసం అనుకోండి. ఈ వెయ్యి లేకుండా అందమైన రైఫిల్, ఇంకా అందమైన స్కోపు కొనేసి, రేంజికి రెండుసార్లెళ్లి, తర్వాత సేఫులో పెట్టి తాళం వేసేవాళ్లని ప్రతి రేంజిలోనూ చూస్తాం.

చవక తూటాలతో నేర్చుకుంటానంటే ఇంకో చిక్కుంది. తూటాకీ తూటాకీ వేగం మారుతుంది. సెకనుకి 30 అడుగుల తేడా వంద గజాల్లో మీకు కనబడనే కనబడదు. వెయ్యి గజాల్లో అదే 8 అంగుళాల దాకా పైకీ కిందికీ పడుతుంది. అప్పుడు మిస్సయితే అది గాలి వల్లా, తూటా వల్లా, మీ వల్లా అన్నది తేలదు. తేలకపోతే నేర్చుకునేదేమీ లేదు.

ఇక స్కోపు. మనం షాపులో స్కోపు ఎలా చూస్తాం? కన్ను పెట్టి గోడ మీద బోర్డు చదువుతాం. ఆహా, ఎంత క్లియర్‌గా ఉంది అంటాం. ట్యూబ్‌లైటు కింద ముప్ఫై అడుగుల్లో నాలుగు వందల స్కోపూ, నాలుగు వేల స్కోపూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. లాంగ్ రేంజ్‌లో స్కోపుకి మనం డబ్బిచ్చేది చూపు కోసం కంటే ముందు కొలత కోసం. ఇందాకటి 27 అడుగుల్ని కొలిచేది ఈ టర్రెట్టే. టర్రెట్ మీద 9 అని తిప్పితే లోపల రెటికిల్, అంటే గురి గీతలు, కచ్చితంగా 9 మిల్ జరగాలి. 8.8 జరిగితే? రెండు శాతం పైనే తప్పు. 324 అంగుళాల్లో రెండు శాతం అంటే ఆరున్నర అంగుళాలు. గాలిలో తప్పకుండానే, ట్రిగ్గర్ తప్పకుండానే ప్లేటు సగం పోగొట్టుకున్నారు.

అంచేత స్కోపులో నేను చూసే వరస ఇది. మొదటిది, తిప్పినంత జరగడం, తిరిగి సున్నాకి తెస్తే సున్నాకే రావడం. రెండోది, పైకి తిప్పడానికి చాలినంత చోటు. మూడోది పారలాక్స్ సర్దుబాటు, అంటే కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనబడే తప్పుని సరిచేసుకోవడం. నాలుగోది రెటికిల్. అద్దం అయిదో చోట వస్తుంది. అద్దాన్ని తక్కువ చేయడం లేదు. సాయంత్రపు వెలుతురులో, నీడలో ఉన్న ప్లేటు అంచు చూడాలంటే మంచి అద్దం విలువ తెలుస్తుంది. కానీ జూలైలో ఇక్కడ పొద్దున పది దాటాక నేల మీంచి ఆవిరి లేస్తుంటే మూడు వేల డాలర్ల అద్దంలోంచి కూడా ప్లేటు నీళ్లల్లో మునిగినట్టే కనిపిస్తుంది. ఎండమావిని ఏ అద్దమూ ఆపదు.

చోటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అంగుళం ట్యూబు వేట స్కోపు ఒకటి ఉంది, మొత్తం కదలిక 40 ఎం.ఓ.ఏ. జీరో చేశాక అది మధ్యలో ఉంటే పైకి మిగిలేది 20. మనకి కావలసింది 9 మిల్, అంటే 31 ఎం.ఓ.ఏ. సుమారు ఏడెనిమిది వందల గజాల దగ్గర టర్రెట్ ఆగిపోతుంది. స్కోపు కింద వంపు ఉన్న 20 ఎం.ఓ.ఏ. బేస్ వేస్తే పైకి 40 దొరకాలి కదా అంటారు. కాగితం మీద దొరుకుతుంది. కానీ అప్పుడు వంద గజాల జీరో టర్రెట్ అట్టడుగున పడుతుంది. రైఫిల్‌లో, బేస్‌లో రవ్వంత తేడా ఉన్నా అసలు జీరోయే రాదు. అదే 34 మిల్లీమీటర్ల ట్యూబుండి, మొత్తం 28 మిల్ కదిలే స్కోపయితే మధ్య నుంచి పైకి 14. దానికి 20 ఎం.ఓ.ఏ. బేస్, అంటే 5.8 మిల్, కలిపితే దాదాపు 20 మిల్ చేతిలో ఉంటాయి, కిందా ఎనిమిది మిగులుతాయి. పెట్టె మీద మాగ్నిఫికేషన్ అంకె పెద్దగా రాస్తారు, ఈ మొత్తం కదలిక అంకె చిన్నగా ఎక్కడో రాస్తారు. వెతికి చదవండి.

పారలాక్స్ విషయంలోనూ అంతే. 50 మిల్లీమీటర్ల అద్దం, వంద గజాలకే కట్టేసిన పారలాక్స్. కన్ను మధ్యలోంచి పూర్తిగా పక్కకి జరిగితే వెయ్యి గజాల్లో తప్పు దాదాపు 9 అంగుళాల దాకా పోవచ్చు. అంత అంచుకి కన్ను ఎవరూ పెట్టరు, నిజమే. కానీ మూడో వంతు జరగడం ప్రతి షాట్‌కీ జరుగుతుంది. పక్క టర్రెట్ మీద పారలాక్స్ తిప్పుకునే వీలు లేని స్కోపు ఎంత చవగ్గా వచ్చినా ఈ పనికి వద్దు.

ధరల్లో చెప్పాలంటే, సరిగ్గా తిరిగే స్కోపులు ఇవాళ నాలుగు, నాలుగున్నర వందల డాలర్ల దగ్గర మొదలవుతాయి. బుష్నెల్ మ్యాచ్ ప్రో, ఆర్కెన్ లాంటివి ఆ వరసలో ఉన్నాయి. పదేళ్ల కిందట ఈ డబ్బుకి ఇలాంటివి లేవు. వెయ్యి దగ్గర వోర్టెక్స్ వైపర్ పి.ఎస్.టి. రెండో తరం, ఆథ్లాన్ ఏరీస్ లాంటివి. రెండు వేలు దాటాక వోర్టెక్స్ రేజర్, ఆ పైన నైట్‌ఫోర్స్ అటాకర్, కాలెస్, ష్మిట్ అండ్ బెండర్. నాలుగున్నర వందల నుంచి వెయ్యికి వెళ్తే టర్రెట్ గట్టిదనం, జీరో స్టాప్ (టర్రెట్ సున్నా దగ్గర ఆగే ఏర్పాటు), అద్దం అన్నీ స్పష్టంగా తేడా తెలుస్తుంది. వెయ్యి నుంచి రెండున్నర వేలకి వెళ్తే ఆ తేడా ముఖ్యంగా నమ్మకంలో ఉంటుంది: వాన, దుమ్ము, ట్రక్కులో కుదుపులు, ఏడాదికి వేలసార్లు తిప్పడం. దాని పైన పెట్టే ప్రతి వెయ్యికీ వచ్చేది తగ్గుతూ పోతుంది. నాలుగు వందల కింద మాత్రం దిగొద్దు. అక్కడ డబ్బు మిగిలినట్టే ఉంటుంది, ఆ మిగిలిందంతా తూటాల్లో పోతుంది.

ఏ ధర స్కోపయినా కొన్నాక మీరే పరీక్ష పెట్టాలి. రెండున్నర వేల స్కోపుకి కూడా. పరీక్ష ఇలా.

నాలుగడుగుల పొడవు అట్ట తీసుకోండి. తాడుకి బరువు కట్టి వేలాడదీసి, ఆ తాడు వెంట పైనుంచి కిందికి మార్కర్‌తో గీత గీయండి. గీత కింది చివర్లో ఒక చుక్క, అది మీ గురి. దాన్నుంచి కచ్చితంగా 32.4 అంగుళాల పైన ఒక అడ్డగీత. 32.4 ఎందుకంటే వంద గజాల్లో 9 మిల్ అంతే. అట్టని వంద గజాల్లో పెట్టండి. ఇక్కడ జాగ్రత్త: రేంజిలో వంద అని బోర్డుంటే అది వంద అనుకోకండి. 98 గజాలున్నా రెండు శాతం తప్పు అక్కడే వచ్చేసింది, మీరు స్కోపుని తిట్టుకుంటారు. పొడవాటి టేపు పట్టుకుని స్కోపు దగ్గర్నుంచి అట్ట దాకా 300 అడుగులు కొలవండి. కింది చుక్కకి గురిపెట్టి, జీరో మీద అయిదు తూటాలు. టర్రెట్ 9 మిల్ పైకి తిప్పి, మళ్లీ అదే కింది చుక్కకి గురిపెట్టి ఇంకో అయిదు. సున్నాకి దింపి ఇంకో అయిదు. ఒక్కో అయిదు రంధ్రాలూ ఒక గుంపు; ఒక గుంపు నడిమధ్య నుంచి ఇంకో గుంపు నడిమధ్యకి కొలవండి.

32.4 వచ్చిందా, హాయి. 31.8 వచ్చిందనుకోండి, మీ స్కోపు 1.9 శాతం తక్కువ జరుగుతోంది. కంగారు పడాల్సిన పనిలేదు. బాలిస్టిక్ యాప్‌లలో చాలావాటికి స్కోపు సవరణ అంకె ఇచ్చే చోటుంటుంది, అక్కడ ఇచ్చేస్తే సరి. ఎప్పుడూ ఒకేలా తప్పు చెప్పే స్కోపుతో బతకొచ్చు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పేదాన్ని, లేదా సున్నాకి దింపాక మూడో గుంపు మొదటి గుంపు మీద పడనిదాన్ని వెంటనే వెనక్కి పంపండి. ఇంకొకటి చూడాలి. పై గుంపు నిలువు గీత మీద లేకుండా పక్కకి జరిగిందా? స్కోపు వంకరగా బిగించారన్నమాట. ఒక్క డిగ్రీ వంకరకి అక్కడ అర అంగుళం పైన జరుగుతుంది.

ఈ వంకర ఎంత ఖరీదో చూడండి. షాట్ వేళకి రైఫిల్ మూడు డిగ్రీలు పక్కకి ఒరిగితే, వెయ్యి గజాల్లో 27 అడుగుల్లో అయిదు శాతం పైన, అంటే 17 అంగుళాలు పక్కకి పోతుంది. రెండు మైళ్ల గాలి తప్పు కంటే ఎక్కువ. వాలు నేల మీద పడుకున్నప్పుడు మూడు డిగ్రీలు కంటికి తెలియదు. దీనికి మందు ఇరవై డాలర్ల బుడగ లెవెల్. ఇవాళ నేను చెప్పే వస్తువులన్నిట్లో డాలరుకి ఎక్కువ అంగుళాలు మిగిల్చేది అదే.

ఇప్పుడు రైఫిల్. తక్కువసేపే చెబుతాను, ఎందుకంటే ఈ కాలంలో చెడ్డ ఫ్యాక్టరీ రైఫిల్ కొనడానికే కష్టపడాలి. అయిదారు వందలకి రూగర్ అమెరికన్, సావేజ్ 110 లాంటివి మ్యాచ్ తూటాలతో ఒక ఎం.ఓ.ఏ. దగ్గర కొడతాయి. 2015లో రూగర్ ప్రిసిషన్ రైఫిల్ వచ్చాక, ఛాసిస్‌తో (లోహపు చట్రంతో) సహా ఫ్యాక్టరీ నుంచే సిద్ధంగా వచ్చే రైఫిల్ మామూలు మనిషికి అందింది. వెయ్యి, పదకొండు వందల దగ్గర బెర్గారా బి-14 హెచ్.ఎం.ఆర్., దాని పైన టిక్కా టి3ఎక్స్ టాక్ ఎ1. అయిదు వందల నుంచి పదకొండు వందలకి వెళ్తే మీరు కొనేది ముఖ్యంగా బరువైన బ్యారెల్, చెంప ఎత్తు సరిచేసుకునే స్టాక్, మంచి ట్రిగ్గర్. చెంప ఎత్తు చిన్న విషయం కాదు. చెంప ఆనక, మెడ లేపి చూస్తే కన్ను మధ్యలో ఉండదు, ఇందాకటి పారలాక్స్ తప్పంతా వచ్చేస్తుంది. చవక స్టాక్ ఉన్నవాళ్లు ఫోము ముక్క, టేపు చుట్టుకున్నా పని నడుస్తుంది, సిగ్గు పడక్కర్లేదు.

పదకొండు వందల పైన రైఫిల్‌లో పోసేది చాలామటుకు సుఖానికి, రవ్వంత గుంపు తగ్గడానికి. మూడు తూటాల గుంపు చూసి అర ఎం.ఓ.ఏ. రైఫిల్ అని మురిసిపోకండి. పది తూటాలు ఒకే అట్ట మీద కాల్చండి. అప్పుడొచ్చేదే మీ రైఫిల్ అసలు కొలత. మూడింటితో 0.5 చూపించింది పదితో 0.9 కావడం మామూలే.

రైఫిల్‌కి స్కోపుకి ఉన్న పెద్ద తేడా ఏమిటంటే బ్యారెల్ అరుగుతుంది. 6.5 క్రీడ్‌మోర్ బ్యారెల్ రెండు, మూడు వేల తూటాల దాకా వస్తుంది. పాయింట్ 308 అయితే అయిదు వేలు దాటొచ్చు. 2,500 తూటాలు కాల్చారంటే తూటాలకే అయిదు వేలు ఖర్చయింది. కొత్త బ్యారెల్ వేయించడానికి ఎనిమిది వందలు అనుకుంటే, షాట్‌కి 32 సెంట్లు బ్యారెల్ తింటోంది. స్కోపు మూడు బ్యారెళ్లు చూస్తుంది. అమ్మినా డబ్బొస్తుంది. కొన్ని కంపెనీల వారంటీ కొన్నవాడితో ఆగకుండా చేతులు మారినా వర్తిస్తుంది, అలాంటివి సెకండ్‌హ్యాండ్‌లో కూడా ధైర్యంగా కొనొచ్చు. అంచేత ఒకే వెయ్యి డాలర్లు రైఫిల్‌లో పెట్టాలా స్కోపులో పెట్టాలా అని తటపటాయిస్తుంటే, అరిగిపోనిదాంట్లో పెట్టండి.

అందరూ మర్చిపోయే చిల్లర ఖర్చు చెబుతాను, రాసుకోండి. స్కోపుని పట్టుకునే రింగులు 120, 20 ఎం.ఓ.ఏ. బేస్ 60, బైపాడ్ (ముందు రెండు కాళ్ల స్టాండు) 130, వెనక బస్తా 50, టార్క్ రెంచి (ఎంత బిగించామో కొలిచేది) 60, లెవెల్ 20. మొత్తం 440. టార్క్ రెంచి ఎందుకండీ, చేత్తో బిగిస్తే సరిపోదా అనేవాళ్లుంటారు. రింగు పై స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు. చేత్తో బిగించేవాళ్లు మామూలుగా దీనికి రెట్టింపు బిగిస్తారు. ట్యూబు నొక్కుకుపోయి లోపల రెటికిల్ కదలిక బిగుసుకుంటుంది. అప్పుడు టర్రెట్ తిరుగుతుంది, రెటికిల్ కదలదు, తర్వాతి షాట్ అదురుకి ఒక్కసారి గెంతుతుంది. స్కోపు పాడైందని వెనక్కి పంపేవాటిలో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. తప్పు రింగుది. దీనికి తిరగబడ్డ కేసు: బేస్ స్క్రూలు వదులైతే జీరో రోజుకోచోట ఉంటుంది, మనిషి రైఫిల్ మార్చేస్తాడు. ఏది తేడాగా ఉన్నా ముందు స్క్రూలు చూడండి.

ఇప్పుడు మీ అంకెలకి వద్దాం.

రెండు వేలు. రైఫిల్ 550, స్కోపు 450, చిల్లర సామాను తగ్గించి 300. మిగిలిన 700కి 350 తూటాలు. ఇందాక చెప్పిన అయిదు వందలకి తక్కువే, ఈ డబ్బులో అంతే కుదురుతుంది. చూడండి, స్కోపు దాదాపు రైఫిల్ ధర. ఇందులో స్కోపుని రెండు వందలకి దింపి రైఫిల్‌ని ఎనిమిది వందలకి పెంచితే, వంద గజాల్లో ఫొటోకి మంచి గుంపొస్తుంది, అయిదు వందల గజాలు దాటాక దిక్కుతోచదు.

ఇదే రెండు వేలకి ఇంకో దారి ఉంది, నాకు ఎక్కువ నచ్చేది. పాయింట్ 22 రైఫిల్, సి.జెడ్. 457 గానీ టిక్కా టి1ఎక్స్ గానీ, 600. స్కోపు 500. సామాను 300. మిగతా 600కి, తూటా 15 సెంట్ల లెక్కన నాలుగు వేల తూటాలు. పాయింట్ 22 తూటా 200 గజాలకి వెళ్లేసరికి, 50 గజాల జీరో నుంచి, ఏడు మిల్ పైనే తిప్పాలి. గాలికి విపరీతంగా కొట్టుకుపోతుంది. అంటే వెయ్యి గజాల పాఠం రెండు వందల గజాల రేంజిలో, పదో వంతు ఖర్చుతో. ఏడాది తర్వాత పెద్ద రైఫిల్ కొన్నప్పుడు అదే స్కోపు, అవే రింగులు దాని మీదకి ఎక్కుతాయి. డాలస్ పక్కన మెక్‌కినీలోనో ఫ్రిస్కోలోనో ఉంటే వెయ్యి గజాల రేంజి దొరకాలంటే ఎంత దూరం డ్రైవు చేయాలో మీకు తెలుసు. రెండు వందల గజాలది దగ్గరే దొరుకుతుంది.

నాలుగు వేలు. రైఫిల్ 1,100, స్కోపు 1,000, సామాను 440, అయిదు వందల తూటాలకి 1,000. ఇంకా 460 చేతిలో ఉంటాయి. అవి రేంజి ఫీజులకి, ఒక రోజు క్లాసుకి. వాటితో స్కోపు పెంచుదామనిపిస్తుంది. వద్దు.

ఏడు వేలు. ఇక్కడ నిష్పత్తి తిరగబడుతుంది. స్కోపు 2,300, రైఫిల్ 2,000. సామాను 440కి తోడు బుల్లెట్ వేగం కొలిచే రాడార్ క్రోనోగ్రాఫ్ ఒకటి, గార్మిన్ జీరో సి1 లాంటిది, 600. మిగిలిన 1,660లో ఎనిమిది వందల తూటాలు. ఈ స్థాయిలో క్రోనోగ్రాఫ్ తప్పనిసరి. పెట్టె మీద రాసిన వేగం వాళ్ల పరీక్ష బ్యారెల్‌ది, మీ బ్యారెల్‌లో 50 అడుగులు తేడా రావచ్చు. రెండు వేల స్థాయిలో ఉన్నవాళ్లు కొనక్కర్లేదు. రేంజిలో పక్కవాళ్లనడిగి పది తూటాలకి చూసుకుంటే చాలు, అందరూ ఇస్తారు.

ఆట ఏదన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. పడుకుని కాగితం టార్గెట్ మీద కాల్చే ఎఫ్-క్లాస్ పోటీ అయితే దూరం ముందే తెలుసు, రోజంతా ఒకటే. వెయ్యి గజాల టార్గెట్ మీద పది రింగు 10 అంగుళాలు, ఎక్స్ రింగు 5 అంగుళాలు. ఇందాక నేను తేలిగ్గా తీసిపారేసిన అర ఎం.ఓ.ఏ. ఇక్కడ ప్రాణం. అంచేత డబ్బు బ్యారెల్ మీద, సొంతంగా నింపుకునే తూటాల మీద పెట్టాలి. టర్రెట్ కొద్ది క్లిక్కులే కదులుతుంది, కాబట్టి స్కోపులో పెద్ద మాగ్నిఫికేషన్, సన్నని రెటికిల్ చాలు. అందులోనే ఎఫ్-టి.ఆర్. విభాగం అయితే పాయింట్ 223, పాయింట్ 308 రెండే అనుమతి, బైపాడ్‌తో సహా 8.25 కిలోలు దాటకూడదు. బరువైన స్కోపు కొంటే ఆ బరువు బ్యారెల్‌లోంచి కోసుకోవాలి. పి.ఆర్.ఎస్. (ప్రిసిషన్ రైఫిల్ సిరీస్) తరహా పోటీలు, 2012 నుంచి జరుగుతున్నవి, దీనికి పూర్తిగా వేరు. తొంభై సెకన్లలో నాలుగైదు దూరాలు, ఒకసారి గోడ మీంచి, ఒకసారి డ్రమ్ము మీంచి. అక్కడ టర్రెట్, రెటికిల్ పనిచేసినంతగా ఇంకేదీ పనిచేయదు. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోపే, అంటే మాగ్నిఫికేషన్‌తో పాటు రెటికిల్ కూడా పెరిగేదే కావాలి. రెండో ఫోకల్ ప్లేన్ స్కోపులో రెటికిల్ కొలత సాధారణంగా గరిష్ఠ మాగ్నిఫికేషన్‌లోనే నిజం. 24 స్కోపుని 12లో పెట్టి ఒక మిల్ పట్టుకుంటే అక్కడ రెండు మిల్ అవుతుంది. గడియారం నడుస్తుంటే ఇది గుర్తుండదు.

మన దగ్గర రైఫిల్ షూటింగ్ అనగానే హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్, 2012 లండన్ కాంస్యం గుర్తొస్తాయి. అది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో స్కోపే నిషిద్ధం, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే. అక్కడ నేర్చుకుని ఇక్కడికొచ్చినవాళ్లకి ట్రిగ్గర్, ఊపిరి అన్నీ వచ్చు, ఈ స్కోపు బేరమే కొత్త.

ఇక అడగండి.

సభికుడు: ఎం.ఓ.ఏ. తీసుకోవాలా, మిల్ తీసుకోవాలా అండీ?

మీతో పాటు కాల్చేవాళ్లు ఏది వాడితే అది. "పాయింట్ నాలుగు ఎడమకి" అని పక్కవాడు అరిస్తే మీరు లెక్క కట్టుకోకుండా తిప్పగలగాలి. పి.ఆర్.ఎస్.లో దాదాపు అందరూ మిల్. రెటికిల్ మిల్‌లో, టర్రెట్ ఎం.ఓ.ఏ.లో ఉన్న స్కోపు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

సభికురాలు: 35 పవర్ స్కోపు చూశాను, 25 కంటే మూడు వందలే ఎక్కువ. తీసుకోవచ్చా?

కాగితం మీద రంధ్రాలు చూసుకునే ఎఫ్-క్లాస్‌కయితే తీసుకోండి. స్టీల్‌కి కాల్చేవాళ్లు ఎక్కువగా 12 నుంచి 18 మధ్యలోనే ఉంచుతారు. పవర్ పెంచితే ఎండమావి కూడా పెరుగుతుంది, చూపు వెడల్పు తగ్గుతుంది, బుల్లెట్ ఎక్కడ పడిందో అదురులో తప్పిపోతుంది. ఆ మూడు వందలకి నూట యాభై మ్యాచ్ తూటాలొస్తాయి.

సభికుడు: ఇక్కడ స్కోపు కొని ఇండియాలో ఉన్న మా బావగారికి తీసుకెళ్లొచ్చా? ఆయనకి లైసెన్సుంది.

సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లిపోకండి. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ కిందికొస్తాయి. లైసెన్సు ఆయనకుందన్నది ఇక్కడి చట్టానికి జవాబు కాదు. అక్కడ కస్టమ్స్ సంగతి వేరే. రెండుచోట్లా రాతపూర్వకంగా కనుక్కున్నాకే.

సభికుడు: నా దగ్గర వేట రైఫిల్ ఉంది, పాయింట్ 308, సన్న బ్యారెల్, 3-9 స్కోపు. అన్నీ అమ్మేసి మొదట్నుంచి మొదలుపెట్టాలా?

అమ్మొద్దు. రైఫిల్ అలాగే ఉంచండి. 60 పెట్టి 20 ఎం.ఓ.ఏ. బేస్, 120 పెట్టి రింగులు, 450 నుంచి 1,000 లోపల స్కోపు, లెవెల్, బైపాడ్, బస్తా. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కి గుంపు చెదురుతుంది కాబట్టి మూడు కాల్చి, చేత్తో పట్టుకోగలిగేదాకా ఆగండి. ముందు 300, తర్వాత 600. 600 గజాల్లో 18 అంగుళాల ప్లేటు మీద, పది మైళ్ల లోపు గాలిలో, పదికి ఎనిమిది తగిలేదాకా రైఫిల్ మార్చే ఆలోచన పెట్టుకోకండి. ఆ స్కోపు, ఆ రింగులు ఎలాగూ తర్వాతి రైఫిల్ మీదకే వెళ్తాయి.